ఉత్తరాల వారం

ఆవిడకి అట్ట మేడం అని పేరు పెట్టిందెవరో తెలియదు గానీ, పెట్టినవాళ్ళు బాగా చూసే పెట్టారు. పదకొండేళ్ళుగా ఆ ఇనప క్లిప్పు అట్ట ఆవిడ చంక దిగలేదు. పట్టణంలోని సర్కారు బాలబడులన్నీ వార్డుల వారీగా తిరిగి, ఒకదానితో ఒకటి పోల్చి, మార్కులేసి, ఏది ముందు ఏది వెనక అని పై ఆఫీసుకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. అట్టకి పెట్టిన కాగితంలో పద్నాలుగు గడులు. పదమూడు ఆవిడ స్వయంగా ఆలోచించి గీసినవి. ఆఖరిది మాత్రం అంతకుముందెప్పుడో పైవాళ్ళు పెట్టింది. "పరిశీలన వల్ల పిల్లలకు కలిగిన ఇబ్బంది" అని ఉంటుంది. దాంట్లో రాయడానికేముంటుంది? "లేదు" అని రాసి కింద సంతకం పెట్టేస్తుంది.

ఈసారి తూర్పు వార్డు వంతు. అక్కడ మూడు బడులు. పిల్లలు తగ్గిపోతున్నారని, మూడింట్లో వెనకబడ్డదాన్ని మూసేసి, మొదటొచ్చినదాంట్లో కలిపేద్దామని పైనుంచి మాట వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి కాగితం వాళ్ళ ఆఫీసు సారు బల్ల మీద ఉండాలి.

చెప్పా పెట్టకుండా ఎవరింటి మీదా పడకూడదన్నది ఆవిడ పద్ధతి. వారం ముందే అన్ని బడులకీ ఉత్తరం పోతుంది. "వచ్చే వారంలో ఏదో ఒక రోజు వస్తాము" అని రాస్తుందే తప్ప, ఏ రోజో రాయదు. మర్యాదకి మర్యాద, జాగ్రత్తకి జాగ్రత్త. ఆ తెలివికి ఆవిడకి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

సోమవారం వాటర్ ట్యాంకు బడికి వెళ్ళింది. గేటు దగ్గరే పెద్ద టీచరు ఎదురొచ్చింది. గదిలో పిల్లలు రెండు వరసల్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. తుమ్మినవాడు లేడు, దగ్గినవాడు లేడు. గోడకి వరసగా సంచులు తగిలించే కొక్కేలు. అక్షరాలు రాని వయసు కదా, ఎవరి కొక్కెం ఏదో తెలియడానికి ఒక్కోదాని మీద ఒక్కో చెక్క బిళ్ళ, బిళ్ళ మీద రంగు బొమ్మ. బాతు, పడవ, గంట, నిచ్చెన. నల్లబల్ల మీద "మొత్తం 22, హాజరు 22" అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ వేలితో లెక్కపెట్టింది. ఇరవై రెండు తలలు, ఇరవై రెండు సంచులు, ఇరవై రెండు కొక్కేలు.

కొక్కేల మధ్య అక్కడక్కడ అయిదు చోట్ల కొత్తగా లప్పం పెట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

"గోడలు బాగుచేయిస్తున్నారే!" అంది ఆవిడ.

"మీరు వస్తున్నారనే మేడం," అని నవ్వింది పెద్ద టీచరు.

గది మరమ్మతు గడిలో పదికి పది వేసింది ఆవిడ.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఆవిడ కళ్ళు మాత్రం వరసల వెంట ఇంకోసారి తిరిగాయి. రెండు నెలలుగా ఆవిడ మనవరాలు ఈ బడికే వస్తోంది. నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో పిచ్చుక అంటారు. ఇంకా మాటలు రాలేదు. "నా మనవరాలని అక్కడ ఎవరికీ చెప్పకు. రేపు నేను మార్కులేస్తే నలుగురూ నాలుగు మాటలంటారు" అని కూతురికి ముందే గట్టిగా చెప్పి ఉంచింది. రెండు వరసల్లోనూ పిచ్చుక లేదు. అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగలేదు. వ్యానెక్కాక మాత్రం ఒక అనుమానం వచ్చింది. పిల్ల రాకపోతే ఇరవై రెండుకి ఇరవై రెండెలా అయింది? కొత్తగా చేరింది కదా, పేరు ఇంకా ఎక్కి ఉండదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే అడిగింది.

"ఏమే, పిల్లకి ఒంట్లో బాగాలేదా?"

కూతురు మందుల షాపు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా షాపు కోటు మీదే ఉంది. ఆరేసిన బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా, "పొద్దున కాస్త వెచ్చగా ఉందమ్మా," అంది.

పిచ్చుక బల్ల కింద కూర్చుని సీసా మూతలు వరసగా పేరుస్తోంది. ఎర్రవన్నీ ఒక వరస, తెల్లవన్నీ ఒక వరస. ఆవిడ వంగి నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. పేరు పెట్టి పిలిచింది. పిల్ల చూడలేదు. ఎప్పుడూ అంతే, పేరు పెట్టి పిలిస్తే గోడతో మాట్లాడినట్టే. ఎడమ చేతి గుప్పిట్లో ఏదో పట్టుకుని ఉంది. మెల్లగా విప్పి చూస్తే చెక్క బిళ్ళ, దాని మీద పసుప్పచ్చ రంగులో తాళంచెవి బొమ్మ.

"ఇదెక్కడిదే?"

"బడిలో ఇచ్చారు."

"అబ్బో, అప్పుడే బహుమతులు కూడానా!" అని మురిసిపోయింది ఆవిడ. కూతురు మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

మంగళవారం పోస్టాఫీసు బడి. అక్కడా గేటు దగ్గర ఎదురురావడం, చేతులు కట్టుకున్న పిల్లలు, నిండు హాజరు. వాటర్ ట్యాంకు బడికన్నా నాలుగు మార్కులు తక్కువ, అంతే. బుధవారం పొద్దున పదింటికి రేకుల బడికి వెళ్ళింది. ఎదురొచ్చినవాళ్ళెవరూ లేరు.

గుమ్మం దాటుతుండగానే చెవులు గింగిర్లెత్తాయి. కుళాయి కింద చేతులు పెట్టి ఒక పిల్లాడు కేకలు పెడుతున్నాడు. ఆయమ్మ వాడి పక్కన గొంతుక్కూచుని కుళాయి కట్టేస్తూ, తిప్పుతూ, "ఇదిగో ఆగింది, ఇదిగో వచ్చింది" అంటోంది. వాడిది ఆటో ఏడుపో తెలియడం లేదు. టీచరు చంకన ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకొకడు. సంచులు మేకులకి రెండేసి మూడేసి తగిలించి ఉన్నాయి. ఒకడు నేల మీద పడుకుని పైకప్పు వంక చూస్తున్నాడు.

"రండి మేడం, కూర్చోండి... అయ్యో, దాని మీద కాదు, తడిగా ఉంది," అంది టీచరు.

ఆవిడ కూర్చోలేదు. రిజిస్టరు అడిగి చూసింది. పదిహేడు పేర్లు. తలలు లెక్కపెట్టింది. ఇరవై అయిదు. లెక్క తప్పానేమోనని మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై అయిదే. అట్ట మీద కాగితం సర్దుకుని ఎర్ర పెన్ను తీసింది. "పట్టికలో లేని పిల్లలు ఎనిమిది మంది. నిర్వహణ లోపం" అని రాసి పది మార్కులు కొట్టేసింది. కదలకుండా కూర్చున్నారా అన్న గడిలో సున్నా చుట్టింది. ఇక ఈ బడి సంగతి తేలిపోయింది అనుకుంటూ తలెత్తింది.

నీళ్ళ డ్రమ్ము వెనక, గోడవారగా, పిచ్చుక కూర్చుని ఉంది. సీసా మూతలు పేరుస్తోంది. ఎర్రవి ఒక వరస, తెల్లవి ఒక వరస.

ఆవిడకి ముందు అర్థం కాలేదు. పిచ్చుకలాంటి ఇంకో పిల్ల అనుకుంది. మొన్న తను కొన్న నీలం గౌను. మోచేతి దగ్గర తను వేసిన కుట్టు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను కొట్టేసిన పది మార్కుల్లో తన పిల్ల ఉంది. పెన్ను మూత పెట్టింది.

"ఈ... ఈ పిల్లలెవరు?" అంది ఎలాగో.

"పక్క బడులవాళ్ళండి," అంది టీచరు, చంకన పిల్లని ఇటునుంచి అటు మార్చుకుంటూ. "ఉత్తరాల వారం కదా."

"అంటే?"

"మీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఆ వారమంతా అక్కడ వీళ్ళని రానివ్వరండి. కుదురుగా కూర్చోలేరని, అరుస్తారని. బట్టలు తడుపుకుంటారని కొందరిని. అమ్మానాన్నలకి పనులుంటాయి కదండీ, ఎక్కడ పెడతారు? పొద్దున్నే తెచ్చి ఇక్కడ దింపిపోతారు. ట్యాంకు బడివాళ్ళు అయిదుగురు, పోస్టాఫీసు బడివాళ్ళు ముగ్గురు."

"మీకూ వచ్చిందిగా ఉత్తరం?"

"వచ్చిందండి."

"మరి? మార్కులు పోతాయని తెలియదా మీకు?"

"తెలుసండి," అంది టీచరు. "కానీ గుమ్మం దాకా వచ్చిన పిల్లని వెనక్కి తిప్పి పంపడం నాకు చేతకాలేదు."

ఆవిడ డ్రమ్ము వైపు వేలు చూపించింది. ఆ వేలు తనది కాదేమో అనిపించింది.

"ఆ పిల్ల?"

"తాళంచెవి అండి. వాళ్ళమ్మ పేరు చెప్పింది గానీ, పేరు పెట్టి పిలిస్తే చూడదు. అక్కడ కొక్కెం పీకేశాక ఆ బిళ్ళ దీని చేతికిచ్చి పంపేశారట. పడుకున్నా వదలదు. సరే, అదే పేరనుకున్నాం. తాళంచెవీ అంటే ఇట్టే చూస్తుంది. ఒకసారి పిలిచి చూడండి."

ఆవిడ పిలవలేదు. టీచరే పిలిచింది. పిచ్చుక తల తిప్పింది.

రెండేళ్ళుగా ఎంతమంది ఎన్నిసార్లు పిలిచినా తిరగని తల అది. తిప్పి, లేచి, తిన్నగా ఆవిడ దగ్గరకే వచ్చి, ఇంట్లో చేసినట్టే అట్ట క్లిప్పుని రెండు వేళ్ళతో ఎత్తి వదిలింది. టక్. మళ్ళీ ఎత్తి వదిలింది. టక్.

"మీ అట్ట నచ్చినట్టుందండి దానికి," అని నవ్వింది టీచరు.

నా మనవరాలు అని చెప్పడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ క్షణం వచ్చింది, పోయింది. ఆవిడ పిల్ల వేళ్ళ కిందనుంచి అట్ట లాక్కుని, వస్తానని కూడా చెప్పకుండా బయటపడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

వ్యాను కదిలాక డ్రైవరుతో అంది. "తమ్ముడూ, నేను వస్తున్నానంటే బడుల్లో పిల్లల్ని దాచేస్తున్నారట. నీకు తెలుసా?"

డ్రైవరు అద్దంలో ఆవిడ మొహం చూశాడు. వేళాకోళమేమో అనుకున్నట్టుంది.

"మీకు తెలుసనుకున్నానండి. వార్డంతటికీ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నేను బండెక్కినప్పట్నుంచీ ఇంతేనండి. మొదట్లో ఆ పిల్లలంతా మార్కెట్టు వెనక బడికి పోయేవాళ్ళు. దాన్ని మూసేశాక ఇటు మళ్ళారు."

"మార్కెట్టు వెనక బడా?"

"అదేనండి, మూడేళ్ళ కిందట మీ కాగితం మీద మూసేశారు కదా."

ఆవిడకి ఆ కాగితం గుర్తుంది. పట్టికలో పంతొమ్మిది, గదిలో ముప్ఫై. నిర్వహణ లోపం. ఎర్ర పెన్నుతో గీత కూడా గీసింది. అప్పుడు అక్కడి టీచరు ఏదో చెప్పబోతే, "కారణాలు రాయడానికి గడి లేదమ్మా" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు వచ్చి గుండెల మీద కూర్చుంది.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు పిచ్చుకకి అన్నం పెడుతోంది. ఆవిడ అట్ట బల్ల మీద పడేసింది.

"రేకుల బడిలో చూశాను."

కూతురి చేతిలో ముద్ద ఆగిపోయింది. "చూస్తావని తెలుసు," అంది. "రెండ్రోజులుగా అదే భయం. చూడకపోతే బాగుండనీ అనుకున్నాను, చూస్తే బాగుండనీ అనుకున్నాను."

"నాకు ఒక్క మాట చెప్పాలా వద్దా? కన్నతల్లిని కదే!"

"ఏం చెప్పనమ్మా? పోయిన నెల ఫోటోలవాళ్ళు వచ్చినప్పుడూ పంపొద్దన్నారు. ఇదేం అన్యాయమని అడిగాను. పెద్ద టీచరు నీ కాగితం తెచ్చి చదివి వినిపించింది. ఏడో గడి, పిల్లలు కదలకుండా కూర్చున్నారా, పది మార్కులు. ఎనిమిదో గడి, గది అరుపులు లేకుండా ఉందా, పది మార్కులు. మీ పిల్ల కోసం ఇరవై మార్కులు పోగొట్టుకోమంటారా అంది. కాగితం కింద నీ పేరుంది. ఆవిడకి తెలియదు గదా నువ్వు నాకేమవుతావో. నాకు తెలుసు. తల వంచుకుని వచ్చేశాను."

ఆవిడ కుర్చీలో కూలబడింది. పిచ్చుక నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తోంది. కూతురు పెట్టింది.

"అరిచావా, తిట్టావా ఆవిడని?"

"ఎలా తిట్టను? రేపు అసలే వద్దంటే? రేకుల బడిలోనే చేర్పిద్దామంటే, అది ఈ ఏడు మూసేస్తారని అందరూ అంటున్నారు." కూతురు చెయ్యి కడుక్కుని వచ్చి, తల్లి మొహం చూసి, కాస్త మెత్తబడి, "నువ్వు కావాలని చేశావని నేననలేదమ్మా," అంది. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

గురువారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, ఆవిడ వాటర్ ట్యాంకు బడికి వెళ్ళింది. పెద్ద టీచరు కంగారుగా ఎదురొచ్చింది. ఆవిడ తిన్నగా గోడ దగ్గరకి పోయి, ఆరిన లప్పం మీద వేలు పెట్టింది.

"ఇక్కడ తాళంచెవి ఉండేది. మిగతావి చెప్పండి."

పెద్ద టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "గొడుగు," అంది. "బుట్ట. కుందేలు. దువ్వెన."

"ఎందుకు చేశారిలా?"

"మీరడుగుతున్నారా మేడం?" అంది పెద్ద టీచరు. గొంతులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం. "ఈ బడిలో ఇరవై ఏడు మంది. అయిదుగురిని వారం రోజులు పక్కన పెడితే ఇరవై ఏడు మందికీ బడి మిగులుతుంది. పెట్టకపోతే ఎవరికీ మిగలదు. ఈ లెక్క నాది కాదు, మీ కాగితానిది. మార్కెట్టు వెనక బడి టీచరు నా స్నేహితురాలు. ఆవిడ ఎవరినీ పక్కన పెట్టలేదు. ఏమైందో మీకు తెలుసు."

ఆవిడ గోడకేసి చూస్తూనే చెప్పింది. "తాళంచెవి మా అమ్మాయి కూతురు."

పెద్ద టీచరు రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత చేతులు దించి, ఎంతో బాధపడుతూ, మనస్ఫూర్తిగా అంది. "అయ్యయ్యో! ముందే చెప్పి ఉంటే మొదటి వరసలో కూర్చోబెట్టేవాళ్ళం కదా మేడం!"

నిన్నటినుంచీ తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

"మరి ఆ గొడుగు, ఆ దువ్వెన?" అంది.

"వాళ్ళు మీకేమీ కారుగా మేడం," అంది పెద్ద టీచరు, అర్థంకాక.

శుక్రవారం ఆఫీసులో మూడు కాగితాలూ పక్కపక్కన పరుచుకుని కూర్చుంది ఆవిడ. వాటర్ ట్యాంకు బడి తొంభై ఆరు. పోస్టాఫీసు బడి తొంభై రెండు. రేకుల బడి నలభై ఒకటి. పదమూడు గడులూ నిండిపోయాయి. ఒక్క అంకె మార్చలేదు. మారిస్తే మనవరాలి కోసం మార్చిందంటారు, ఆ మాటలో అబద్ధమూ లేదు. కాగితం తిప్పి వెనక వైపు సన్న అక్షరాల నిబంధనలు చదివింది. పదకొండేళ్ళలో అటువైపు చదవడం అదే మొదటిసారి. ఆఖరి గడిలో "లేదు" తప్ప వేరే ఏది రాసినా ఆ వారం పోలికంతా చెల్లదని, వేరే మనిషి వెళ్ళి, కబురు పెట్టకుండా మళ్ళీ చూడాలని, అంతవరకూ ఏ బడి మీదా ఏ చర్యా తీసుకోకూడదని ఉంది. పిల్లల పేర్లు రాయకూడదని కూడా ఉంది.

మూడు కాగితాల్లోనూ ఆఖరి గడి నింపింది. "ఉంది. నేను పంపిన ఉత్తరం వల్ల ఎనిమిది మంది పిల్లలు వారం రోజులు సొంత బడికి దూరమయ్యారు. గొడుగు, బుట్ట, కుందేలు, దువ్వెన, తాళంచెవి. మిగతా ముగ్గురికి వాళ్ళ బడిలో బొమ్మలు లేవు. వీళ్ళని రానిచ్చినందుకు మూడో బడికి నేనే మార్కులు తగ్గించాను. మూడేళ్ళ కిందట మార్కెట్టు వెనక బడి విషయంలోనూ ఇలాగే చేశానని ఇప్పుడు తెలిసింది. తాళంచెవి నా మనవరాలు."

సారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏంటమ్మా ఇది? ఈ గడి ఎవరూ ఎప్పుడూ నింపలేదే!"

"అవునండి. నేనూ నింపలేదు."

"ఇది పైకి పోతే పాత కాగితాలన్నీ బయటికి తీస్తారు. పదకొండేళ్ళవీ. అన్నిటి మీదా నీ సంతకమే ఉంటుంది. ఆలోచించుకున్నావా?"

"తీయాలండి," అంది ఆవిడ. "తీస్తారనే రాశాను."

సారు ఏదో పురుగుని ముట్టుకున్నట్టు, వేళ్ళ కొసలతో కాగితాలు తీసి పై ఆఫీసు ట్రేలో పెట్టాడు. "మూసివేత ఇప్పటికి ఆగినట్టే," అన్నాడు. "నీ సంగతి మాత్రం నేనేమీ చెప్పలేను."

కిందికి వచ్చేసరికి డ్రైవరు వ్యాను తలుపు తీసి ఉంచాడు. వెనక సీటు మీద కవర్ల కట్ట ఉంది. వచ్చే వారం పడమటి వార్డు ఉత్తరాలు. "ఇవి పోస్టు చేసేయమంటారా మేడం?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ. పైకి ఇచ్చేసి రా. తర్వాత రేకుల బడికి పోనీ."

మధ్యాహ్నం బడి వదిలే వేళ దాటింది. పిల్లలు చాలామంది వెళ్ళిపోయారు. టీచరు చీపురుతో కాగితం ముక్కలు ఊడుస్తోంది. ఆవిడని చూసి చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మొహం పాలిపోయింది.

"మళ్ళీ వచ్చారేంటి మేడం? ఇంకా ఏమైనా మార్కులు..."

"మార్కులకి కాదమ్మా. మా పిల్లని తీసుకెళ్దామని వచ్చాను."

టీచరు చుట్టూ చూసింది. మిగిలింది ముగ్గురు పిల్లలు. "మీ పిల్లా? ఏ పిల్లండీ?"

ఆవిడ డ్రమ్ము వైపు తిరిగింది. ఇంట్లో పెట్టిన పేరు కాదు, ఇక్కడ విన్న పేరు పెట్టి పిలిచింది. అలవాటులేని పేరు, మెల్లగా వచ్చింది. ఇంకోసారి పిలిచింది.

"తాళంచెవీ!"

పిచ్చుక తల తిప్పి, లేచి వచ్చింది. అట్ట కోసం ఆవిడ చంక వైపు చెయ్యి చాపింది. ఆవిడ అట్టని పిల్ల చేతిలో పెట్టింది. టక్. టక్.

బుధవారం జరిగిందంతా ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది టీచరు మొహం చూస్తే. చివరికి అంది. "ముందే చెప్పకపోయారా మేడం!"

ఆవిడ కళ్ళు దించుకుంది. నిన్న విన్న మాటే మళ్ళీ వినడానికి సిద్ధపడింది.

"ఆ రోజు మీతోనే పంపించేదాన్ని కదండీ. పాపం వాళ్ళమ్మ మధ్యాహ్నం షాపులో పని మధ్యలో వదిలేసి, ఆ ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చింది," అంది టీచరు.